ఏ రిమార్కూ లేదు

డైరెక్టరు మెదెర్ ఇసాయెవిచ్ గారూ, శాస్త్రమండలి పెద్దలూ, ఐజిరెక్‌కు ఆ చోటు పోతే పోగొట్టింది మీరే. ఆ పిల్లకు ఇంగ్లిషు చాల్లేదనీ, మన ప్రయోగశాల పాతబడిందనీ, పెద్ద దేశాలవాళ్లు మనల్ని లెక్కచెయ్యరనీ సోమవారం నుంచి టీ తాగుతూ చెప్పుకుందామని చూస్తున్నారు. చెప్పుకోనివ్వను. జరిగింది జరిగినట్టు రాసి ఈ అంతస్తులో ప్రతి తలుపుకూ అంటిస్తున్నాను. డైరెక్టరుగారికి తెలిసిన సంగతులే అయినా మళ్లీ రాస్తాను, ఎందుకంటే మిగిలినవాళ్లు మాకేం తెలుసు అంటారు. నా రాత మోటుగా ఉంటే ఉండనీండి. నాకు డిగ్రీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఈ సంస్థ వ్యాను నడుపుతున్నాను, కొండల్లో కుక్కల్ని పట్టుకుంటున్నాను, మీరు అటక మీద పారేసిన పుస్తకాలు చదువుకున్నాను.

ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం. రెండు పీహెచ్‌డీ చోట్లు, ఒక పోస్ట్‌డాక్. నాలుగేళ్లు జీతం వాళ్లదే, ఇల్లు వాళ్లదే, ప్రయోగాల ఖర్చూ వాళ్లదే. విషయం మన పురుగు. గొర్రెను కోసి పనికిరాని కాలేయం కుక్కకు పడేస్తాం, ఆ పురుగు కుక్క పేగుల్లో పెరిగి గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు కుక్క పెంటలోంచి పిల్లల చేతులకంటుకుంటాయి. పదేళ్లు పోయాక ఆ పిల్లల కాలేయంలో నీటితిత్తులు. అత్‌బాషీలో ఐజిరెక్ వాళ్ల వీధిలో నాలుగిళ్లలో పొట్టమీద కోత గుర్తులున్నవాళ్లున్నారు. మందు పెట్టిన కుక్కకు పురుగు మళ్లీ ఎన్నాళ్లకు పడుతుందో తేల్చాలని ఆమె ఐదేళ్లుగా ఇక్కడ గింజుకుంటోంది. ఉన్న ఒక్క యంత్రం రెండేళ్లుగా పడుకునుంది. ఆమె ఒప్పందం ఆగస్టుతో ఆఖరు. ఆ చోటు దొరికితే పని సాగుతుంది. దొరక్కపోతే సెప్టెంబరు ఒకటిన పశువుల మందుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడుతుంది. మాట ఇచ్చేసింది కూడా.

దరఖాస్తుకు ప్రొఫెసరు దగ్గర్నుంచి సిఫారసు లేఖ కావాలన్నారు. మన పద్ధతి మీకు తెలుసు. లేఖ ఎవరికోసమో వాళ్లే రాసుకుని తెస్తారు, పెద్దవాళ్లు సంతకం పెడతారు, ఆఫీసు గుండ్రటి ముద్ర గుద్దుతుంది. ఆమె ప్రొఫెసరు, మనందరికీ అక్క, కులీపా ఎజే కూడా అలాగే అంది. "రాసుకురా తల్లీ, సంతకం పెడతాను." తన గురించి తను రాసుకోవాలంటే మన పిల్ల ఏం రాస్తుంది? క్రమశిక్షణ కలది, వేళకు వస్తుంది, సహోద్యోగులతో సఖ్యంగా ఉంటుంది, మంచి పరిశీలనాశక్తి కలది. ఎజే కళ్లజోడు పెట్టుకుని చదివి 'మంచి' అనే మాట కొట్టేసింది. చివర తన చేత్తో ఒక వాక్యం చేర్చింది. 'ఈమె పని మీద నాకు ఏ రిమార్కూ లేదు.'

ఆ వాక్యం చూసి ఐజిరెక్ నడవాలోకి పరిగెత్తుకొచ్చి, అన్న వరస పెట్టి కేకేసి నన్ను పట్టుకుంది.

"బాయ్‌కే! ఎజే రిమార్కు లేదని రాసింది! చూడు, సొంత చేత్తో!"

నేను కూడా నమ్మలేదు. నలభై ఏళ్లలో కులీపా ఎజే తప్పు పట్టని పని లేదు, ఎవరికీ ఆ మాట రాయలేదు. మెదెర్ ఇసాయెవిచ్ గారూ, మీ థీసిస్ మీద ఆమె ఎన్ని రిమార్కులు రాసిందో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆరోజు మేమిద్దరం ఆ ఆనందంలో చెరో రెండు సమ్సాలు తిన్నాం. లేఖ ఇంగ్లిషులోకి మారి, ముద్ర పడి, మీ గది నుంచి వెళ్లింది. బయటికి పోయే కాగితమేదైనా మీ చిరునామా నుంచే పోవాలన్నది మీరు పెట్టిన రూలే కదా.

మొన్న మంగళవారం ఇంటర్వ్యూ. ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది, ఎవరూ లోపలికి పోకుండా నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ముప్పావుగంట. బయటికొచ్చేసరికి ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?"

"బాగానే అయింది బాయ్‌కే. పురుగు గురించి అడిగినవన్నీ చెప్పాను. చివర్లో ఒకటి మాత్రం..."

"నాన్చకు."

"వాళ్ల ముగ్గురిలో నెరిసిన జుట్టున్న ఒకావిడుంది. మీ ప్రొఫెసరుగారికీ మీకూ ఏమన్నా గొడవలున్నాయా అంది. లేవన్నాను. మీ గురించి చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని రాశారే అంది. అదేగా గొప్ప, ఐదేళ్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు అన్నాను. నవ్వుతూ అన్నాను బాయ్‌కే, గర్వంగా. ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు."

మాకప్పటికీ బుర్రకెక్కలేదు. బుధవారం ఆ నెరిసిన జుట్టావిడే ఉత్తరం రాసింది, మర్యాదగానే. ఇంటర్వ్యూ చాలా బాగుంది, కానీ లేఖ ఏమీ చెప్పడం లేదు, మా దగ్గర అలాంటి లేఖకు అర్థం ఈ మనిషిని తీసుకోవద్దని. శుక్రవారం, మన గడియారం లెక్కన సాయంత్రం ఆరింటికి, కమిటీ కూర్చుంటుంది. ఈలోగా ఐజిరెక్ ఏం చేసిందో మీ ప్రొఫెసరు మాటల్లో, మీ సంస్థ చిరునామా నుంచి ఇంకో లేఖ వస్తే చదువుతాను. ఇదీ సారాంశం.

ఐజిరెక్ ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, బల్ల మీదున్న, ద్రవాలు కొలిచే పిపెట్ కొనల డబ్బా తీసి గోడకేసి కొట్టింది. తర్వాత కిందకు కూర్చుని ఒక్కొక్కటే ఏరింది. అవి మళ్లీ దొరకవు కదా.

కులీపా ఎజే సోమవారం నుంచి సూసామీర్ పచ్చికల్లో ఉంది, కుక్కలకు మందు పెట్టడానికి. అక్కడ ఫోను అందదు. నిన్న గురువారం తెల్లవారగానే వ్యాను తీశాను. నా దగ్గర అనుమతి కాగితం లేదు, రాసుకోండి. తో-అషూ కనుమ ఎక్కుతుంటే రేడియేటరు రెండుసార్లు పొంగింది. నేను నీళ్లు పోస్తుంటే ఐజిరెక్ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకుంటోంది.

"కూర్చోవే. నువ్వు నడిస్తే ఇంజను చల్లారదు."

"కూర్చుంటే చల్లారుతుందా?"

"తిట్టుకునేదేదో నన్ను తిట్టు, టైరును తన్నకు. అది నాకన్నా ముసలిది."

"నన్ను నేనే తిట్టుకుంటున్నా బాయ్‌కే. సఖ్యంగా ఉంటుందట! నా గురించి నేనే రాసుకున్నా! పెళ్లిచూపులకు వెళ్తున్నానా నేను?"

పదిన్నరకు ఎజే ఉన్న గుడారం దొరికింది. అరవై ఆరేళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని, గొర్రె తోకకొవ్వు ముక్కలో మాత్ర కుక్కి, పసుపు రంగు కుక్క నోట్లో పెడుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఏం తోక్తోసున్, నీ డొక్కు ఇంకా కొండలెక్కుతోందా? ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదు ఎజే. పోయేటట్టున్నది ఈ పిల్ల చోటు."

చెప్పాం. ఐజిరెక్ ఫోనులో ఉన్న ఉత్తరం చదివి వినిపించింది. ఎజే మొహం బిగుసుకుపోయింది.

"రిమార్కు లేదంటే చెప్పడానికేం లేదనా? ఎవరే వీళ్లకు చదువు చెప్పింది?"

"వాళ్లకు అంతే ఎజే. బాగా పొగిడితేనే బాగుందని."

"అయితే నేను రాయను."

"ఎజే!"

"రాయనంటే రాయను. పొగడ్త లేఖలు ఎందుకు రాస్తారో తెలుసా నీకు? మా కాలంలో ఒకడుండేవాడు, ల్యాబ్ స్పిరిట్ తాగేసి మైక్రోస్కోపు మీద తల పెట్టి నిద్రపోయేవాడు. వదిలించుకోవాలి, తీసెయ్యడానికి లేదు. అద్భుతమైన శాస్త్రవేత్త, అసాధారణ ప్రతిభ అని అందరం సంతకాలు పెట్టి ఇంకో సంస్థకు పంపాం. వాళ్లు పూలగుత్తితో వచ్చి తీసుకెళ్లారు. అప్పట్నించీ బంగారం లాంటి ఉత్తరం చూస్తే, వీడు ఎవరి పీడరా అనుకుంటాను. ఆ మాటలు నీకు రాయమంటావా? నా పిల్లకు?"

ఐజిరెక్ ఫోను జేబులో పెట్టేసుకుంది. గుడారంలోని ఇల్లాలు గిన్నెల్లో కిమిజ్, పులిసిన గుర్రప్పాలు, పోసి మా ముందు పెట్టింది, ఎవరూ ముట్టలేదు. పదకొండు దాటింది. తిరిగి వెళ్లడానికి ఐదు గంటలు.

"పొగడొద్దులే ఎజే," అన్నాను. "ఉచార్ సంగతి రాయి. చాలు."

ఎజే నా వైపు చూసిన చూపు నేను ఎన్నటికీ మర్చిపోను.

ఉచార్ ఒక కుక్క. ఐజిరెక్ రాకముందు ఏడు మేం రెండు ఊళ్లలో మందు పెట్టాం. ఒక ఊళ్లో నెలకోసారి, రెండో ఊళ్లో మూడు నెలలకోసారి. పెంట నమూనాలు రెండు పెట్టెల్లో పెట్టి తెచ్చింది నేనే. పెట్టెల మీద ఒకటి, రెండు అని వేసిందీ నేనే. కాపరులు ఇప్పటికీ పాత కోల్ఖోజ్ ఉమ్మడి పొలాల లెక్కనే మాట్లాడతారు, కింది ఊరు మొదటి బ్రిగేడు, పై ఊరు రెండో బ్రిగేడు. నేనూ అలాగే వేశాను. ల్యాబ్ జాబితాలో పటం చూసి పై ఊరికి ఒకటి, కింది ఊరికి రెండు అని రాశారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. రెండూ తారుమారయ్యాయి. మూడు నెలలకోసారి పెడితే చాలు, పురుగు పోతుంది అని ఎజే నివేదిక రాసింది. మంత్రిత్వ శాఖ చప్పట్లు కొట్టింది. ఆ జిల్లా అంతటా ఇప్పటికీ మూడు నెలలకోసారే మందు.

మరుసటేడు ఐజిరెక్ ఉద్యోగంలో చేరింది. మూడోవారంలో పాత నమూనాల గొట్టాల మీదున్న కుక్కల పేర్లూ, ఊళ్లో మందు పెట్టినప్పటి నోటుపుస్తకమూ పక్కపక్కన పెట్టుకు కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. తర్వాత నేరుగా ఎజే గదిలోకి పోయి, "ఎజే, ఉచార్ పై ఊరి కుక్క కాదు, కింది ఊరిది. దాని పెంట పై ఊరి పెట్టెలోకి ఎలా వచ్చింది?" అంది. ఎజే ఆమెను బయటికి గెంటింది. ఆ అరుపు మూడంతస్తులకూ వినపడింది. మూడోరోజు నన్ను వ్యాను తీయమంది. కింది ఊళ్లో ఉచార్ యజమాని ఇంటికి పోయాం. కుక్క గడపలోనే పడుకునుంది. ఎజే దాన్ని చూసి, వెనక్కి వచ్చి వ్యానులో కూర్చుంది.

ఇంతవరకే నాకు తెలుసు. సవరణ వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను. మిగిలింది నిన్న గుడారం ముందు విన్నాను.

"సవరణ రాశాను," అంది ఎజే, నేల చూస్తూ. "మెదెర్ చేతికిచ్చాను. వచ్చే నివేదికలో కలుపుదాం ఎజే, ఇప్పుడు వద్దు, మంత్రిత్వ శాఖ ముందు మాట పడతాం అన్నాడు. ఐదేళ్లు కావస్తోంది. నేనూ మళ్లీ అడగలేదు. సిగ్గేసింది."

నాకు మటుకు సిగ్గు లేదా? ఆ అంకెలు వేసిన చెయ్యి ఇదే.

"రిమార్కు నేను పెట్టలేదు తోక్తోసున్. ఈ పిల్లే నా మీద పెట్టింది. అదీ నిజం." ఎజే చేతులు ఎప్రానుకు తుడుచుకుంది. "కాగితం తే. ఐజిరెక్, నువ్వు అక్కడ నిలబడకు. పోయి ఆ నల్లకుక్కకు మాత్ర పెట్టు. ఈసారి నువ్వు రాయొద్దు, వినొద్దు."

ఆమె అటు పోయాక ఎజే మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది. పూర్తయ్యాక నాకు చదివి వినిపించింది. నాకు గుర్తున్నంత ఇక్కడ పెడుతున్నాను.

'ఈమె ఉద్యోగంలో చేరిన మూడోవారంలో, నేను అచ్చువేసిన నివేదికలో రెండు ఊళ్లు తారుమారయ్యాయని కనిపెట్టింది. నేను ఆమెను తిట్టి పంపాను. ఆమె ఏడవలేదు, వాదించలేదు, మర్నాడు నలభై ఒక్క కుక్కల పేర్ల జాబితా నా బల్ల మీద పెట్టింది. నేను ఊరికి పోయి చూశాను. ఆమె చెప్పింది నిజం. నా లెక్క తప్పు, మూడు నెలలకోసారి మందు చాలదు. ఆ తప్పును నేను ఇంతవరకూ బయట పెట్టలేదు. ఈమె దాని గురించి ఎక్కడా గొప్ప చెప్పుకోలేదు, నా దగ్గర పని మానలేదు. నలభై ఏళ్లలో నా విద్యార్థులెవరూ నన్ను సరిదిద్దలేదు, అది వాళ్ల మంచితనమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈమెను తీసుకుంటే మీ తప్పులు కూడా కనిపెడుతుంది. దానికి సిద్ధంగా ఉంటేనే తీసుకోండి.'

చదివి, సంతకం పెట్టి, కుక్క దగ్గరున్న పిల్ల వైపు తిరిగి దిష్టి తగలకుండా తూ తూ తూ అని మూడుసార్లు ఉమ్మింది. "పొగిడినట్టుందా?"

"తిట్టినట్టుంది ఎజే. చాలా బాగుంది."

దారిలో ఐజిరెక్ ఒళ్లో కాగితం పెట్టుకుని ఇంగ్లిషులోకి రాస్తోంది. కనుమ సొరంగం దాటి కారా-బాల్తా ఊరు వచ్చాక కలం ఆపింది.

"బాయ్‌కే, ఇది పంపితే ఎజేని బతకనిస్తారా?"

"రాసింది ఆవిడ. నువ్వు ఇంగ్లిషులోకి మార్చు, చాలు. ఒక్క మాట తగ్గించావంటే ఇక్కడే దింపేస్తాను."

"పెట్టెల సంగతి తవ్వితే నీ పేరు కూడా పడుతుంది."

"పడనీ. రొట్టె మీద ఒట్టు, నేనే చెప్పుకుంటా."

నిన్న మేం చేరేసరికి మీ గదికి తాళం పడింది, ఇవాళ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వచ్చాం మెదెర్ ఇసాయెవిచ్ గారూ. లేఖ మీ ఈమెయిల్‌కు పంపాం, కాగితం చేతికిచ్చాం. మీరు చదివి కళ్లజోడు తీశారు.

"ఇదేంటి తోక్తోసున్? సిఫారసా, ఫిర్యాదా?"

"నిజం."

"నిన్నడగలేదు. నువ్వు వ్యాను ఎవర్నడిగి తీశావో అది తర్వాత చూద్దాం. ఐజిరెక్, చూడమ్మా, కులీపా ఎజే పెద్దావిడ. ఎండలో కూర్చుని ఏదో రాసింది. ఇది మన సంస్థ పేరుతో పోతే బయటివాళ్లు ఏమనుకుంటారు? ఎజే సోమవారం వస్తుంది కదా, కూర్చుని మాట్లాడదాం."

"సోమవారానికి వాళ్లు వేరేవాళ్లను తీసేసుకుంటారు," అంది ఐజిరెక్.

అప్పుడు మీరు నవ్వారు. టీ తెప్పించారు. మా ఇద్దరికీ కుర్చీలు చూపించారు. ఇరవై రెండేళ్లలో మీ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"పోనీ నేనే రాస్తాను. డైరెక్టరు సంతకం ప్రొఫెసరు సంతకం కన్నా పెద్దది. అసాధారణ ప్రతిభ, అరుదైన మేధ, మా సంస్థకే గర్వకారణం. ఇంకేం కావాలో చెప్పు, అన్నీ రాస్తాను. పది నిమిషాల్లో పంపేస్తాను. ఈ కాగితం మాత్రం ఇక్కడుంటుంది."

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఐజిరెక్ ఒప్పుకుంటే బాగుండుననుకున్నాను. దుకాణం కౌంటరు నా కళ్లముందు కనిపించింది. ఒప్పుకోవే పిచ్చిదానా, పో, మిగిలింది మేం చూసుకుంటాం అని అరవబోయాను. ఆమె టీగిన్నె తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

"నేనేం చేశానో రాయమన్నారు మెదెర్ ఇసాయెవిచ్," అంది. "నేను చేసింది అదే. అది తీసేస్తే నా దగ్గర ఇంకేముంది? సఖ్యంగా ఉంటాననా?"

"నీ ఇష్టం. దేవుడు దయతలిస్తే వచ్చే ఏడు ఇంకో ప్రకటన వస్తుంది."

"మీరు పంపకపోతే నేను నా చిరునామా నుంచి పంపుతాను."

"పంపుకో. తన సిఫారసు తనే రాసుకుందంటారు."

ఆ ఒక్క మాట మాత్రం నిజమే చెప్పారు.

మీరు మధ్యాహ్నం భోజనానికి వెళ్లారు. ఐజిరెక్ మీ తలుపు పక్కన బల్ల మీద కూర్చునుంది. కూర్చుంటుంది, లేస్తుంది, కిటికీ దాకా పోయి వస్తుంది. నేను తెచ్చిన సమ్సా కాగితంలో అలాగే ఉంది. రెండున్నర అవుతోంది.

ఇప్పుడు వినండి. లేఖ మీ కంప్యూటర్లో ఉంది. ఒక మీట నొక్కితే పోతుంది. ఆరింటిలోగా పంపండి, ఉన్నదున్నట్టు, మీ మాట ఒక్కటి కలపకుండా, ఎజే మాట ఒక్కటి తీయకుండా. మీ బీరువాలో ఐదేళ్లుగా పడున్న సవరణ కూడా ఇవాళే తీసి మంత్రిత్వ శాఖకు పంపండి, ఆ జిల్లాలో నెలనెలా మందు పెట్టించండి. పెట్టెల తప్పుకు శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి, వ్యాను తాళాలు ఈ కాగితం కిందే మేకుకు తగిలించాను.

శాస్త్రమండలి పెద్దలూ, మీలో తొమ్మిదిమంది ఈ పూట ఈ అంతస్తులోనే ఉన్నారు, నేను లెక్కపెట్టుకున్నాను. చదవడం అయిపోయింది కదా. ఇక లేవండి. నడవా చివరకు పోయి, ఆ తలుపు తట్టి, ఆయన పక్కన నిలబడి పంపించండి. ఇప్పుడే.